వేడెక్కితే బిగుస్తుందా, వదులవుతుందా?

ప్రశ్న: మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో 6205 బేరింగ్‌ని అల్యూమినియం హౌసింగ్‌లో (బేరింగ్ కూర్చునే గూడు) 30 మైక్రాన్ల ఇంటర్‌ఫియరెన్స్‌తో, అంటే రంధ్రం కంటే బేరింగ్ వ్యాసం అంత ఎక్కువ ఉండేలా, బిగించినట్టు మోడల్ చేశాం. రెండింటినీ 20 డిగ్రీల నుంచి 100కి వేడి చేస్తే, సాఫ్ట్‌వేర్‌లో స్ట్రెస్ మొదటి నుంచీ పెరుగుతూనే ఉంది. మా గైడ్ మాత్రం బేరింగ్ వదులవుతుందంటున్నారు. ఎవరిది రైటు?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ గైడ్‌గారిదే. నేను టూల్‌రూమ్‌లో ఉన్న రోజుల్లో హౌసింగ్‌ని ఓవెన్‌లో కాచి, బేరింగ్‌ని చేత్తో జారవిడిచేవాళ్లం. సుత్తితో పనుండేది కాదు. మీ మోడల్లో బేరింగ్ కూడా వేడెక్కుతోంది, నిజమే. అయినా అల్యూమినియందే పైచేయి.

కాగితం మీద చూద్దాం. ఒక్క డిగ్రీకి మీటరు ఉక్కు సుమారు 12 మైక్రాన్లు పెరిగితే, అల్యూమినియం 23 పెరుగుతుంది. తేడా 11. బేరింగ్ బయటి వ్యాసం 52 మి.మీ. కాబట్టి డిగ్రీకి 0.57 మైక్రాన్ల చొప్పున పట్టు సడలుతుంది. అంటే 72, 73 డిగ్రీల దగ్గరే మీ 30 మైక్రాన్లూ ఖర్చయిపోతాయి. 100 దగ్గర 16 మైక్రాన్ల సందు! ఇక ఔటర్ రింగ్ తన సీటులోనే తిరుగుతూ బోరును, అంటే హౌసింగ్ రంధ్రాన్ని, అరగదీస్తుంది.

మరి స్ట్రెస్ ఎందుకు పెరిగింది? ముందు కాంటాక్ట్, అంటే రెండు ముక్కలు తాకేచోట పెట్టిన నియమం, ఏ రకమో చూడండి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టేది చాలాసార్లు బాండెడ్. అది రెండు ముక్కల్నీ అతికించేస్తుంది. దూరం జరగాలనుకునే అల్యూమినియం ఉక్కుని లాగుతుంది. మీరు చూసే వాన్ మైసెస్ స్ట్రెస్‌కి (అన్ని దిశల స్ట్రెస్‌లనూ కలిపి చెప్పే ఒకే అంకె) ప్లస్, మైనస్ గుర్తు ఉండదు కాబట్టి అది లాగడమో నొక్కడమో తెలియదు. ఆ రంగుల బొమ్మ చూసి రిపోర్టు రాసేయడం మన కాలేజీల్లో మరీ ఎక్కువైంది! పైగా మొదటి నుంచీ పెరుగుతోందంటే, ఆ 30 మైక్రాన్లు అసలు లెక్కలోకి వచ్చాయా అని నా అనుమానం.

కాంటాక్ట్‌ని ఫ్రిక్షనల్‌కి మార్చండి, అందులో ముక్కలు విడిపోగలవు. మొదటి స్టెప్పులో 20 డిగ్రీల దగ్గర ఇంటర్‌ఫియరెన్స్ మాత్రమే ఇచ్చి, రెండో స్టెప్పులో వేడి పెంచండి. రిఫరెన్స్ టెంపరేచర్ (వ్యాకోచాన్ని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో చెప్పే ఉష్ణోగ్రత) కూడా 20 ఉందో లేదో చూసుకోండి. కాంటాక్ట్ ప్రెజర్ 73 దగ్గర సున్నాకి రావాలి.

హౌసింగ్ అడుగుభాగం మొత్తాన్ని ఫిక్స్ చేసి ఉంటే అదీ తీసేయండి. ఒక్క దిశలో సాగనివ్వకుండా పట్టేసినా, అల్యూమినియంలో సుమారు 129 మెగాపాస్కల్స్ స్ట్రెస్ ఉత్తినే పుడుతుంది. మోడల్ కదలకుండా మూడు పాయింట్ల దగ్గర పట్టుకుంటే చాలు: ఒకచోట మూడు దిశలు, ఇంకోచోట రెండు, మరోచోట ఒకటి.

నడిచే మెషీన్లో బేరింగ్ హౌసింగ్ కంటే కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. అంతమేరకు వదులవడం ఆలస్యమవుతుంది. అది కూడా చూపించాలంటే రెండింటికీ వేర్వేరు ఉష్ణోగ్రతలు ఇవ్వండి.