అత్తమ్మను చూసుకునే పనికి జీతమెంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. ఇంట్లో పెద్దవాళ్లు మంచాన పడ్డారు, చూసుకునే మనిషి దొరకడం లేదు, దొరికినా డబ్బు చాలడం లేదు. మూడు ఉత్తరాలు తీసుకున్నాం. పేర్లు వేయడం లేదు.

ప్ర: అక్కా, మాది తిరుపతి, కొర్లగుంట. మా అత్తమ్మకు 72 ఏళ్లు, పోయినేడు పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. నేను ప్రైవేటు స్కూల్లో 14 వేలకు టీచర్‌గా చేసేదాన్ని, మానేశాను. మా బావగారు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. నెలకు 5 వేలు పంపిస్తారు, రోజూ వీడియో కాల్ చేసి అమ్మ తిందా, మందులేశారా అని అడుగుతారు. ఏజెన్సీవాళ్లు రాత్రీ పగలూ ఉండే మనిషికి 24 వేలు, రిజిస్ట్రేషన్ ఫీజు వేరే అన్నారు. సరే అని పెట్టుకుంటే ఆ అమ్మాయి సంక్రాంతికి ఊరెళ్లి మళ్లీ రాలేదు, కట్టిన డబ్బు వాళ్లు వెనక్కివ్వలేదు. ఓల్డేజ్ హోమ్‌లో చేర్చుదామంటే మా ఆయన నలుగురిలో తలెత్తుకోలేం అంటారు. నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఏం చేయమంటారు?

జ: ముందు ఒక నోట్‌బుక్ కొనండి చెల్లెమ్మా. మొదటి పేజీలో మొదటి లైను 'నా జీతం ఆగింది, 14,000' అని రాయండి. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ అన్నీ దాని కిందే. రోజుకు మూడు డైపర్లంటేనే నెలకు తొంభై, మీ వీధి మెడికల్ షాపు ధరతో గుణించుకోండి. నెలాఖరుకు ఆ పేజీ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి, కింద ఒక్క మాట కూడా రాయొద్దు. మీ బావగారు చెడ్డవారని నేననను, ఆయనకు తెలిసిన లెక్కలో మీ జీతం లేదు, అంతే. ఇంటి కోడలు చేస్తే ఖర్చు సున్నా అనుకునే అలవాటు మన ఇళ్లలో అందరికీ ఉంది, మీ ఆయనతో సహా. పెద్దాయనను నేనెలా అడిగేది అనుకుంటున్నారేమో, మీరు అడగొద్దు, మీ ఆయన అడగాలి. మంచంలో ఉన్నది ఆయన్ని కన్నతల్లి.

ఇక మనిషి సంగతి. ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉండే మనిషిని ఏ ఏజెన్సీ కూడా పంపలేదు. ఒక్క ఆడపిల్ల పగలంతా ఎత్తి, తుడిచి, తినిపించి, రాత్రి రెండు గంటలకోసారి లేచి పక్కకు తిప్పాలంటే పండక్కి ఊరెళ్లినది తిరిగి రాకపోవడంలో వింతేముంది? పైగా మీరిచ్చే 24 వేలలో ఆ అమ్మాయి చేతికి ఎంత పోతుందో మీకు తెలీదు. ఈసారి ఎవరు వచ్చినా మొదటి రోజే ఆమెనే నేరుగా అడగండి. ఏజెన్సీ కోత పెద్దదని తేలితే ఎక్కువ రోజులు నిలవదని లెక్క.

మనుషులు ఎందుకు దొరకడం లేదంటే, తిరుపతిలో స్విమ్స్, రుయా, బర్డ్ లాంటి పెద్ద ఆసుపత్రులే ఇన్ని ఉన్నాయి, ప్రైవేటువి వేరే, పని నేర్చుకున్న పిల్లలు ముందు అటు పోతారు, అక్కణ్నుంచి చెన్నై, బెంగళూరు, గల్ఫ్. ఇంట్లో చేసే పనికి షిఫ్టు లేదు, పీఎఫ్ లేదు, పక్కన తోటి నర్సు లేదు. ఇటు చూస్తే కొడుకులూ కూతుళ్లూ తక్కువైపోయారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో తల్లికి పిల్లల సగటు 1.7కి దిగింది, అంటే ఇద్దరు కూడా లేరు, ఉన్నవాళ్లలోనూ ఒకరు ఊళ్లో ఉండరు. కాబట్టి మనుషుల కొరత ఇంకా పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

నా సలహా, పూర్తిగా ఇంట్లో ఉండే మనిషి కోసం వెతకడం మానేసి, మీ పేటలోనో చుట్టుపక్కల పల్లెల్లోనో నడివయసు ఆమెను ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా పెట్టుకోండి. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, తినిపించడం, బరువైన పనంతా ఆ నాలుగు గంటల్లోనే ఉంటుంది. వారానికి రెండు రాత్రులు మీ ఆయన వంతు, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఇంకో రెండు రాత్రులకు డబ్బిచ్చి మనిషిని పెట్టుకోండి, ఆ డబ్బు బావగారిది. గాలి పరుపు ఇంకా కొనకపోతే ఈ వారమే కొనండి. పరుపుంది కదా అని తిప్పడం మానొద్దు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాల్సిందే. స్నానం చేయించేటప్పుడు మడమలు, తుంటి, నడుం కింది ఎముక దగ్గర చర్మం చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టే. మన పెద్దవాళ్లలో నలుపు రంగు చర్మం ఉన్నవాళ్లకు ఎరుపు కనబడదు, అక్కడ వేడిగానో గట్టిగానో తగులుతుంది, చేత్తో తడిమి చూడాలి. తినిపించేటప్పుడు పడుకోబెట్టి పెట్టొద్దు, కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పెట్టండి, పక్షవాతం వచ్చినవాళ్లకు మింగడం కష్టమై అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

డబ్బు వైపు చూస్తే, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను ఉంది, అంతకుముందు 5,000 ఉండేది, 2024లో పెంచారు. వైద్యులు అంత తీవ్రత లేదంటే దివ్యాంగుల పింఛను 6,000 వస్తుందేమో అడగండి. మామూలు వృద్ధాప్య పింఛనైతే 4,000. మీ వార్డు సచివాలయంలో అడిగి, వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్‌కు స్లాట్ బుక్ చేసుకోండి. ఆదాయం, బియ్యం కార్డు నిబంధనలు ఉంటాయి, 2025లో ఈ పింఛన్లను మళ్లీ తనిఖీ కూడా చేశారు, అందుకని కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. అత్తమ్మకు 70 దాటాయి కాబట్టి కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన ఆరోగ్య కార్డుకు ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షల వైద్యం. కానీ అది ఆసుపత్రిలో చేరితేనే. ఇంట్లో మనిషిని పెట్టుకోవడానికి దాని కింద రూపాయి రాదు, మన దేశంలో అసలు లోటు అక్కడే ఉంది.

హోమ్ గురించి మీ ఆయనకు చెప్పండి, నలుగురూ వచ్చి పక్క మార్చరు. కాకపోతే చేర్చే ముందు రెండు అడిగి తీరాలి: మంచంలోనే ఉండే మనిషిని తీసుకుంటారా, రాత్రి ఎంతమంది ఆయాలుంటారు? చాలాచోట్ల తమ పని తాము చేసుకునేవాళ్లనే చేర్చుకుంటారు. రంగుల బ్రోచర్, భజన హాలు చూసి సంతకం పెట్టకండి, మధ్యాహ్నం రెండింటప్పుడు చెప్పకుండా వెళ్లి వాసన చూడండి. నిజంగా.

ప్ర: అమ్మా, నేను చంద్రగిరి దగ్గర పల్లె నుంచి తిరుపతికి వచ్చి ఒక ముసలాయన్ని చూసుకుంటా. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఆయన పని అని పిలిచి అంట్లు, బట్టలు కూడా నాతోనే చేయిస్తున్నారు. లీవు పెడితే జీతం కోత. మా పాప జీఎన్ఎం నర్సింగ్ చదివింది, లండన్‌లో ముసలివాళ్లను చూసే ఉద్యోగం, వీసాతో సహా ఇప్పిస్తామని ఒకాయన 9 లక్షలు అడుగుతున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టేదా?

జ: పెట్టొద్దు తల్లీ. ఆయన అమ్ముతున్న వీసా ఇప్పుడు లేదు. ఇంగ్లండ్‌లోనూ ముసలివాళ్లను చూసే మనుషుల కొరత బాగా ఉంది, అందుకే కొన్నేళ్లు బయటి దేశాలవాళ్లను బాగా పిలుచుకున్నారు. 2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్లు భార్యాబిడ్డలను తీసుకురాకూడదన్నారు, 2025 జూలై 22 నుంచి బయటి దేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. నర్సుగా వెళ్లడం వేరే దారి. దానికి ఇంగ్లీషు పరీక్ష రాయాలి, అక్కడి నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ కావాలి, టైం పడుతుంది గానీ అది నిజమైన దారి. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు కేంద్రం లైసెన్సు ఉండాలి, అతను తీసుకోగల సర్వీసు ఛార్జీ 30,000, పైన జీఎస్టీ, అంతే. కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఆ ఏజెంటు పేరు కొట్టి చూడమని పాపకు చెప్పండి. పేరు లేకపోతే ఆయనతో మాటలే వద్దు.

మీ సంగతికొస్తే, ఆ ఇంటివాళ్లతో ఒక్కసారి కూర్చుని మాట్లాడండి. 'అయ్యగారి పని వరకు నాది, అంట్లకు వేరే డబ్బు, వారానికి ఒక రోజు సెలవు' అని మెల్లగా, గట్టిగా చెప్పండి. మీలాంటివాళ్లు దొరక్క వాళ్లు ఎంత టెన్షన్ పడుతున్నారో పైన ఉత్తరం చదివారుగా, మీకు ఆ బలం ఉంది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు ప్రత్యేక చట్టం తెచ్చే విషయం పరిశీలించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. అది వచ్చేదాకా మాట ఒప్పందమే ఆధారం కాబట్టి, ఒప్పుకున్నవి వాళ్ల చేతే వాట్సాప్‌లో రాయించుకోండి.

ప్ర: చిత్తూరులో ఉంటాను, వయసు 74, భార్య పోయింది. ఇల్లు తన పేర రాసిస్తే చివరిదాకా చూసుకుంటానని అబ్బాయి అంటున్నాడు. రాసివ్వవచ్చా?

జ: అయ్యా, తొందరపడకండి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటాననే షరతుతో ఆస్తి తీసుకుని చూడకపోతే ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయించవచ్చు. కానీ ఆ షరతు ఉందని తేలాలి, 2022లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో పెద్దవాళ్ల పక్షాన ఉదారంగా చూడాలంది నిజమే, అయినా దస్తావేజులో ఆ వాక్యం స్పష్టంగా రాయించుకోవడమే మేలు. పోషణ ఖర్చు కోసం ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, లాయరు అక్కర్లేదు. ఈ చట్టంలో నెలకు గరిష్ఠంగా 10,000 అని 2007లో పెట్టారు, అదింకా అలాగే ఉంది. ఆ డబ్బుతో ఇవాళ పగటి ఆయా కూడా రాదు. సాయానికి పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

నన్నడిగితే ఇల్లు ఇప్పుడే రాసిచ్చేసే సెటిల్‌మెంట్ బదులు వీలునామా రాయండి. బతికున్నంత కాలం ఇల్లు మీదే, అబ్బాయి తీరు మారితే మీరూ మార్చి రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు చాలు, స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించుకుంటే రేపు గొడవలు తక్కువ.