డీపీ-203 రిటైర్ అవుతోందని బెంగపడుతున్న మా అమ్మాయికి

2025 మార్చి

అమ్మలూ,

నువ్వు పంపిన మెయిల్ రెండుసార్లు చదివాను. 2025 మార్చి 31తో డీపీ-203 (డేటా ఇంజినీర్లకి మైక్రోసాఫ్ట్ పెట్టే అజ్యూర్ క్లౌడ్ పరీక్ష) రిటైర్ అవుతోంది, కష్టపడి తెచ్చుకున్న సర్టిఫికెట్ ఇక చిత్తుకాగితమేనా బాబాయ్ అని అడిగావు. కాదు. కానీ మైక్రోసాఫ్ట్ ప్రకటనలో నువ్వు చూడకుండా దాటేసిన మాట ఒకటుంది.

ఆగిపోయేవి మూడు: సర్టిఫికేషన్, దాని పరీక్ష, రెన్యువల్ అసెస్‌మెంట్ (గడువు పొడిగించుకోవడానికి రాసే చిన్న పరీక్ష). నువ్వు మొదటి రెండూ చూసి బెంగ పెట్టుకున్నావు. పరీక్ష ఎప్పుడో పాసయ్యావు, దానితో నీకిక పనిలేదు. నీకు కావలసింది మూడోది. నీ సర్టిఫికెట్ జులై 14 దాకా చెల్లుతుంది. గడువుకి ఆరు నెలల ముందు నుంచే రెన్యువల్ రాయనిస్తారు కాబట్టి, నీకది జనవరిలోనే మొదలైపోయింది. మార్చి 31 లోపు పాసయ్యావా, 2026 జులై 14 దాకా ఢోకా లేదు. ఆ తేదీ దాటితే మాత్రం ఈ జులైతో సరి. పైసా ఖర్చు లేదు. మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో ఇంటి నుంచే రాయొచ్చు, కెమెరాలో ఎవరూ కాపలా కాయరు. మొదటిసారి తప్పితే వెంటనే ఇంకోసారి రాయనిస్తారు, ఆ తర్వాత మాత్రం ప్రతిసారీ 24 గంటలు ఆగాలి. అందుకే ఆఖరి రోజు దాకా నాన్చకు. ఈ ఆదివారమే కూర్చో.

నా తొందర కథ నీకెప్పుడూ చెప్పలేదు కదూ? నేను విండోస్ ఎన్‌టీ 4.0 మీద ఎంసీఎస్ఈ (సర్వర్లు చూసుకునేవాళ్లకి అప్పట్లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సర్టిఫికెట్) చేశాను. 2001 చివరికల్లా విండోస్ 2000కి మారకపోతే ఎంసీఎస్ఈ అని చెప్పుకోవడానికి లేదన్నారు. మారడానికి 70-240 అని ఒక పరీక్ష పెట్టారు. ఉచితమే, కానీ ఒక్కటే ఛాన్స్. నాలుగు పరీక్షల సిలబస్ ఒకే సిట్టింగ్‌లో! అప్పటికి మా ఆఫీసులో విండోస్ 2000 సర్వర్ ఒక్కటీ లేదు. పుస్తకంలో బొమ్మలు చూసి యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు నెట్‌వర్క్‌లో యూజర్లనీ కంప్యూటర్లనీ ఒకేచోట నిర్వహించే ఏర్పాటు) బట్టీ కొట్టి వెళ్లాను. తప్పాను. తీరా 2001 అక్టోబరులో, ఎన్‌టీ 4.0 వాళ్ల ఎంసీఎస్ఈ అలాగే ఉంటుందని ప్రకటన వచ్చింది! ఎవర్నీ అనడానికి లేదు, తొందర నాది. తర్వాత ఆఫీసులో సర్వర్లు మారుస్తున్నప్పుడు అదే యాక్టివ్ డైరెక్టరీ రెండు వారాల్లో చేతికొచ్చేసింది.

అందుకే అందరూ రాయమంటున్న డీపీ-700కి ఇప్పుడే ఫీజు కట్టేయకు. అది ఫ్యాబ్రిక్ అనే మైక్రోసాఫ్ట్ కొత్త డేటా ప్లాట్‌ఫామ్ మీద పరీక్ష. మీ టీమ్ పనంతా డేటా ఫ్యాక్టరీ, డేటాబ్రిక్స్ అనే వేరే టూల్స్ మీదే కదా. ఈ ఏడాది ఫ్యాబ్రిక్‌కి మారే ఆలోచన ఉందా అని మీ మేనేజర్‌ని అడుగు. ఉంటే, ఆ పనిలో రెండు మూడు నెలలు చెయ్యి పెట్టాక రాయి. లేదంటే ఊరుకో. 2020 ఫిబ్రవరిలో సిస్కో తన నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ రౌటింగ్ అండ్ స్విచింగ్ తీసేసినప్పుడు, చెల్లుబాటులో ఉన్నవాళ్లందరికీ కొత్త సీసీఎన్‌ఏ వాళ్లే ఇచ్చారు. అన్నిసార్లూ అలా కలిసిరాదు. 2021 జనవరిలో మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లు ఎంసీఎస్ఏ, ఎంసీఎస్ఈ ఆగిపోయినప్పుడు కొత్తది కావాలంటే కొత్త పరీక్ష రాసుకోవాల్సి వచ్చింది.

మీ టీమ్‌లో ఇంకా డీపీ-203 పాసవ్వని అబ్బాయి సంగతి వేరు. ఒకసారి తప్పితే 24 గంటలు, రెండోసారి తప్పితే 14 రోజులు ఆగాలి. ఉన్నది మూడు వారాలు. సగం పైనే చదివేసి ఉంటే వెంటనే స్లాట్ బుక్ చేసుకోమను, ఇప్పుడిప్పుడే పుస్తకం తెరిచి ఉంటే వదిలేయమను. గడువు దగ్గరపడిందని డంప్స్ (దొంగచాటుగా బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు) జోలికి మాత్రం వెళ్లొద్దని చెప్పు. దొరికితే ఉన్న సర్టిఫికెట్లు కూడా పోతాయి.

రెజ్యూమెలోంచి డీపీ-203ని తీసేయకు. పక్కన సంపాదించిన సంవత్సరం వెయ్యి, రిటైర్ అయిందని కూడా రాయి, దాచాల్సింది ఏముంది? కింద రెండు లైన్లలో నువ్వు కట్టిన డేటా పైప్‌లైన్ (డేటాని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే ఏర్పాటు) గురించి చెప్పు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాన్ని పట్టుకునే ప్రశ్నలు వేస్తారు. నేనైతే అంతే చేసేవాణ్ని.

రెన్యువల్ రాశాక ప్రొఫైల్‌లో గడువు తేదీ 2026కి మారిందో లేదో చూసుకుని, ట్రాన్‌స్క్రిప్ట్ పీడీఎఫ్ దింపి నాకొక కాపీ పంపు.

— బాబాయ్