డాక్టరుకు రిజిస్ట్రేషన్ ఉంటే క్లినిక్‌కు అక్కర్లేదా?

ప్రశ్న: మా నాన్నగారు ఎంబీబీఎస్. రామంతాపూర్‌లో మా ఇంటి ముందు గదిలోనే 31 ఏళ్లుగా క్లినిక్ నడుపుతున్నారు. పడకలు లేవు. నీరసంగా వచ్చినవాళ్లను బల్ల మీద పడుకోబెట్టి సెలైన్ ఎక్కిస్తారు. ఇంజెక్షన్లు కాంపౌండర్ వేస్తాడు. పోయిన వారం జిల్లా వైద్యాధికారి ఆఫీసు నుంచి ఇద్దరొచ్చి, క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ లేదని, సూదులు మామూలు చెత్తలో కలుపుతున్నారని నోటీసు ఇచ్చారు. పది రోజుల్లో జవాబివ్వాలట. ‘నాకు మెడికల్ కౌన్సిల్ నంబరుంది, నాదేమైనా కార్పొరేట్ ఆసుపత్రా?’ అంటూ నాన్న ఆ కాగితాన్ని సొరుగులో పడేశారు. క్లినిక్ మూయించేస్తారా? జైలు దాకా వెళ్తుందా?

జవాబు: ముందు ఆ నోటీసును సొరుగులోంచి బయటికి తీయండి. అది మీ చేతికి అందిన తేదీ దాని మీదే రాసి పెట్టుకోండి.

మీ నాన్నగారి మాట నాకు కొత్త కాదు, పాతకాలం డాక్టర్లు చాలామంది ఇదే అంటారు. కౌన్సిల్ నంబరు వైద్యం చేసే మనిషికి. ఆ వైద్యం జరిగే చోటుకు రిజిస్ట్రేషన్ వేరు. తెలంగాణలో ఇప్పుడు నడుస్తున్నది 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ (వైద్యశాలల) చట్టం. ఒక్క డాక్టరే నడిపే క్లినిక్ కూడా దాని కిందికి వస్తుందని అందులోనే రాసి ఉంది. పడకలు లేవన్న వాదన నిలవదు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రైవేటు వైద్యశాలల 2002 చట్టం కింద తీసుకున్న పాత సర్టిఫికెట్ ఏదైనా ఉందేమో ఇంట్లో వెతకండి. గడువు తీరిపోయినా, చాటుగా నడిపిన క్లినిక్ కాదని చెప్పుకోవడానికి పనికొస్తుంది.

రిజిస్ట్రేషన్ లేనందుకు ఈ చట్టంలో జైలు లేదు, జరిమానాయే. మొదటిసారి 50,000 రూపాయల వరకు, రెండోసారి 2 లక్షల వరకు, ఆపైన 5 లక్షల వరకు. అదీ విచారణ జరిపి, మీ మాట విన్నాకే వేయాలి. క్లినిక్ ఎంతది, ఎలాంటిది అన్నది చూసే మొత్తం తేల్చాలి. ఆ ఉత్తర్వు నచ్చకపోతే మూడు నెలల్లో ఈ చట్టం కిందే ఉండే రాష్ట్ర కౌన్సిల్‌కు (మెడికల్ కౌన్సిల్ కాదు) అప్పీలు చేసుకోవచ్చు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది: రిజిస్ట్రేషన్ లేదని తెలిసీ అక్కడ పనిచేసేవాళ్లకూ 25,000 దాకా జరిమానా పడవచ్చు. అంటే మీ కాంపౌండర్ మెడకూ చుట్టుకుంటుంది.

జైలు మాట వచ్చేది అర్హత లేకుండా వైద్యం చేసేవాళ్లకు. 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం కింద ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీ నాన్నగారికి ఆ బెడద లేదు. కానీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తెలంగాణకు మార్చుకున్నారా, రెన్యూవల్ తప్పిందా అని కోఠిలోని మెడికల్ కౌన్సిల్ ఆఫీసులో ఒకసారి కనుక్కోండి. ఆ నంబరు క్లినిక్‌లో కనబడాలి, చీటీ మీదా ఉండాలి.

రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఈ వారమే వేయండి. అంబర్‌పేట దాటి రామంతాపూర్‌లో అడుగుపెడితే జిల్లా మారిపోతుంది. మీది మేడ్చల్-మల్కాజ్‌గిరి. ఊరికే హైదరాబాద్ జిల్లా ఆఫీసు చుట్టూ తిరగకండి. దరఖాస్తు అందిన పది రోజుల్లో, తనిఖీ లేకుండానే ఏడాదికి ప్రొవిజనల్ (తాత్కాలిక) సర్టిఫికెట్ ఇవ్వాలని చట్టంలో ఉంది. నోటీసుకు జవాబులో ఆ దరఖాస్తు రసీదు జతచేయండి. ‘చట్టం తెలియదు’ అని మాత్రం రాయకండి, అది సాకు కాదు, ఒప్పుకోలు అవుతుంది.

ఇక సూదుల సంగతి. నిజానికి నోటీసులో నన్ను కలవరపెట్టింది ఇదే. వాడిన సూది నల్ల కవర్లో కట్టి గుమ్మం ముందు పెడితే, పొద్దున చెత్త ఆటో అబ్బాయి ఆ కవర్ని వట్టి చేత్తో పట్టుకుని పైకి విసురుతాడు. గుచ్చుకుంటే ఎవరి రక్తం తాలూకు సూదో ఎవరికీ తెలియదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో పడాలి. సూది తీసేసిన సిరంజి, సెలైన్ గొట్టం ఎర్ర సంచిలో. రక్తం అంటిన దూది, గడువు తీరిన మందులు పసుపు సంచిలో. పగిలిన ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందు గాజు బుడ్డి) నీలం డబ్బాలో. రక్తం అంటిన దూది లాంటివి 48 గంటలకు మించి ఉంచకూడదు. వ్యర్థాలు సేకరించే అధీకృత సంస్థతో ఒప్పందం చేసుకుని, కాలుష్య నియంత్రణ మండలికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టండి. పడకలు లేని క్లినిక్‌కు ఆ అనుమతి ఒకసారి తీసుకుంటే చాలు. సరిగ్గా నింపిన దరఖాస్తుపై 90 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఈ విషయంలో పర్యావరణ చట్టం కింద జరిమానా 10,000 నుంచి 15 లక్షల దాకా ఉంది. రిజిస్ట్రేషన్ జరిమానా కన్నా ఇదే బరువు.

సెలైన్ ఎక్కించే బల్ల గురించి దరఖాస్తులో దాచకండి. ‘కన్సల్టేషన్ మాత్రమే’ అని రాసి, తనిఖీ రోజున స్టాండుకు సీసా వేలాడుతూ కనిపిస్తే, అప్పుడు తప్పుడు సమాచారం ఇచ్చినట్టవుతుంది. కాంపౌండర్‌కు నర్సింగ్ అర్హత ఉందా అన్నది మీరు రాయలేదు. లేకపోతే, రేపు ఎవరికైనా ఇంజెక్షన్ వికటిస్తే వినియోగదారుల కమిషన్‌లో జవాబు చెప్పాల్సింది అతను కాదు, మీ నాన్నగారు. అర్హత ఉన్న నర్సు దొరికేదాకా సూది డాక్టరుగారే వేయాలి.