డ్రోన్‌కు బెలూన్ కడతానంటున్నాడు, ఆపమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ బీటెక్ రెండో సంవత్సరం. హీలియం బెలూన్ అమర్చి డ్రోన్ ఎక్కువసేపు ఎగిరేలా చేస్తానంటూ రాత్రింబవళ్లు అదే ధ్యాస. దీంతో ఉద్యోగం వస్తుందా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ఆపకండి. మీవాడు పట్టుకున్నది అసలు సమస్యనే. మామూలు డ్రోన్ గాలిలో ఒకచోట నిలబడడానికే బోలెడు బ్యాటరీ తాగేస్తుంది. బరువులో సగం బెలూన్ మోస్తే, అలా నిలబడడానికి కావలసిన పవర్ దాదాపు మూడో వంతుకు దిగుతుంది.

అయితే కాగితం మీద లెక్క వేశాడా అని అడగండి. ఘనపు మీటరు హీలియం సుమారు కిలో బరువు లేపుతుంది. మీటరు వ్యాసం ఉన్న గుండ్రటి బెలూన్‌లో పట్టేది అర ఘనపు మీటరే. చదరపు మీటరు 60 గ్రాములు తూగే షీటు వాడితే, లేపే ఆ అర కిలోలో 190 గ్రాములు తొడుగే తినేస్తుంది. వ్యాసం రెండు మీటర్లు చేస్తే లేపే బలం ఎనిమిది రెట్లు, తొడుగు బరువు నాలుగు రెట్లే. ఇది చూసి పిల్లలు సంబరంగా పెద్ద బెలూన్ చేస్తారు, ఆరుబయట గాలి లాక్కుపోతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు! మిగిల్చిన బ్యాటరీ అంతా కొట్టుకుపోకుండా ఆగడానికే సరిపోతుంది. కాబట్టి మొదట గోదాము, ఆడిటోరియం లాంటి చోట్ల పనికొచ్చేది చేయమనండి.

నింపిన బెలూన్‌ను ఒక బరువుకు కట్టి డిజిటల్ కాటా మీద పెట్టి, వారం పాటు పొద్దునా సాయంత్రం రీడింగ్ రాయమనండి. అంకె రోజురోజుకూ పెరుగుతోందంటే హీలియం కారిపోతోందన్నమాట. ఈ రంగంలో సగం కష్టం ఆ షీటు, ఆ అతుకుల దగ్గరే. చవక కదా అని హైడ్రోజన్ జోలికి మాత్రం అస్సలు పోనివ్వొద్దు, అంటుకుంటుంది.

ఉద్యోగాల విషయం దాచను, అచ్చంగా ఈ పనికే తీసుకునే చోట్లు తక్కువ. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు ఆగ్రాలో ఉన్న ల్యాబ్ ఏడీఆర్‌డీఈ తయారు చేసిన ఎయిర్‌షిప్‌ను (బెలూన్‌లా గాలిలో తేలే వాహనం) 2025 మే 3న మధ్యప్రదేశ్‌లోని శ్యోపుర్‌లో సుమారు 17 కిలోమీటర్ల ఎత్తుకు పంపి పరీక్షించారు. పరిశోధనలకు వాడే భారీ బెలూన్లు తయారుచేసి ఎగరేసే టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉంది. మెకానికల్ వాళ్లు కూడా గేట్ రాసి ఏరోస్పేస్ ఎంటెక్‌లో చేరొచ్చు. ఈ మూడూ కుదరకపోయినా మోటార్లు, కంట్రోల్, తేలికైన మెటీరియల్స్ మీద వచ్చిన పట్టు మామూలు డ్రోన్ కంపెనీల్లోనూ పనికొస్తుంది.

ఆ రీడింగుల నోట్‌బుక్ పారేయొద్దని చెప్పండి. ఇంటర్న్‌షిప్ అడిగేటప్పుడు వీడియోల కంటే ముందు దాన్నే చూపించాలి.