రాతబల్ల పైపలక గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఫొటోలు చూశాను. సొరుగుల పెట్టెలు రెండూ పొందికగా కుదిరాయి. ఆ ఇత్తడి పిడులు ఎక్కడ దొరికాయో తర్వాత చెప్పు. పైపలక మీద చెయ్యి వేసే ముందు మాత్రం ఈ ఉత్తరం చదువు. పార్టీ తొందరపెడుతున్నాడని టెన్షన్ పడకు. దొరల కాలం నాటి బల్లలా ఉండాలని అడిగిన మనిషి ఇంకో నెల ఆగలేడా?

కొత్త టేకు కొనకు. మన వైపు ఎక్కడైనా మండువా లోగిలి విప్పుతున్నారంటే వెళ్లి దూలాలు చూడు. ఎన్నో ఎండలూ వానలూ చూసిన చెక్క, కొత్తగా వంకర్లు పోయేది తక్కువ. మిల్లుకి తీసుకెళ్లే ముందు అయస్కాంతం ఆనించి మేకులు వెతుకు. ఒక్క విరిగిన మేకు చాలు, రంపం పళ్లు పోతాయి, మిల్లువాడు మళ్లీ మన చెక్క ముట్టుకోడు. చేవ ఉన్నంత మేరే తీసుకో, తెల్లచెక్క వదిలెయ్. కోయించిన పలకల మధ్య పుల్లలు పెట్టి గదిలో రెండు వారాలు పేర్చి ఉంచు.

నా మొదటి బల్ల సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. అమలాపురంలో ఒక ప్లీడరుగారికి చేశాను. శ్రావణమాసం ముసుర్లో పలక అతికి, ఫ్రేముకి చుట్టూ బంక పూసి, స్క్రూలు బిగించి, ఇక కదిలితే చూద్దాం అనుకున్నాను. ఆయన గదిలో ఏసీ. రోహిణికార్తె వచ్చేసరికి పలక నడిమధ్యకి చీలింది. ఆయన నన్నేమీ అనలేదు. ఆ సందులో విజిటింగ్ కార్డు దూర్చి చూపించారంతే. తిట్టినా బాగుండేది.

కాలవలు, చేలు, చెరువుల మధ్య బతికేవాళ్లం. మన గాలిలో తడి వానాకాలం ఒకలా, వడగాడ్పుల్లో ఒకలా ఉంటుంది. చెక్క పొడుగునా దాదాపు కదలదు, వెడల్పునే కదులుతుంది. 30 అంగుళాల వెడల్పు టేకు పలకలో తేమ 4 శాతం మారిందనుకో. చివర చూస్తే చెట్టు వలయాలు పడుకుని ఉన్న చెక్కయితే దాదాపు రెండు నూళ్లు, నిలబడి ఉన్నదైతే ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తేడా వస్తుంది. దాన్ని ఏ స్క్రూ ఆపలేదు.

అందుకని ఫ్రేముకి బంక పెట్టకు. మనిషి కూర్చునే వైపు స్క్రూలు గట్టిగా బిగించు. మిగతా మూడు వైపులా ఫ్రేము లోపలి ముఖాన గాడి తీసి, అందులో నాలుక దూరేలా చిన్న చెక్క బిళ్లలు చేసి, వాటిని పలక అడుక్కి బిగించు. వెనక వైపు నాలుక పూర్తిగా దిగకుండా గాడిలో రెండు నూళ్ల ఖాళీ ఉంచు. అప్పుడు ముందు చూరు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, కదలికంతా గోడ వైపు పోతుంది.

ఆ బల్లల అంచు మందంగా కనిపించాలి కదా. దానికోసం అంగుళంన్నర పలక వేస్తే మోసేవాళ్లు తిడతారు. అంగుళం పలక చాలు, అంచు కింద అర అంగుళం పట్టీ అతికించు. పొడుగు వైపు సులువే. రెండు చివర్లా మాత్రం పట్టీని అడ్డంగా అతకకు. పలక చారలు ఎటున్నాయో పట్టీ చారలూ అటే ఉండాలి, పలక కొసల్లో కోసిన తునకలే వాడు. లేకపోతే నా ప్లీడరుగారి కథే.

అతుకు పెట్టేటప్పుడు రెండు పలకల్ని పుస్తకం మూసినట్టు కలిపి అంచులు ఒకేసారి చిత్రిక పట్టు. చెయ్యి కాస్త ఒరిగినా, విప్పి పరిస్తే ఒకదాని వంపు రెండోదానికి సరిపోతుంది. వెనక దీపం పెట్టి చూడు. మధ్యలో కాగితమంత సందు ఉన్నా ఫర్వాలేదు, చివర్లలో ఉండకూడదు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి చిత్రిక పట్టిన రోజే అంచుని థిన్నర్ గుడ్డతో తుడిచి బంక రాయి. క్లాంపులు ఒకటి పైన, ఒకటి కింద. అన్నీ ఒకే వైపు పెడితే పలక దోనెలా వంగుతుంది. బయటికొచ్చిన బంకని తడిగుడ్డతో తుడవకు, పాలిష్ దగ్గర మచ్చలు తేలతాయి. రబ్బరులా అయ్యాక ఉలితో గీకెయ్.

పాతగా కనిపించాలని గొలుసుతో కొట్టేవాళ్లున్నారు. నాకు చూస్తేనే చిరాకు. మోచేతులు ఆనే చోట అంచు కాస్త గుండ్రం చెయ్యి, చాలు.

లీటరు స్పిరిట్‌కి 200 గ్రాముల లక్క, రాత్రంతా నానబెట్టి వడకట్టు. ముసురు రోజున డబ్బా మూత తియ్యకు, పూత పాలలా తెల్లబడుతుంది. ఎవరు చూస్తారులే అని అడుగు వైపు వదలకు. అక్కడా అన్నే పూతలు వెయ్యి, లేకపోతే ఒక ముఖమే తేమ పీల్చి అంచులు లేస్తాయి. వేడి కాఫీ గ్లాసు పెడితే మచ్చ పడుతుందని పార్టీకి ముందే చెప్పు.

అతికే రోజు ఎప్పుడో ఫోన్ చెయ్యి. నా పొడుగు క్లాంపులు నాలుగు బస్సులో వేసి పంపుతాను. మీ అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ కూడా వాటితోనే వస్తుంది, ఖాళీగా.

మీ మావయ్య