ఢీకొన్న క్షణాన్ని చూడకుండానే లెక్క కట్టేదెలా?

ప్రశ్న: కణ త్వరణ యంత్రంలో సీసం పరమాణు కేంద్రకాలు ఢీకొన్న క్షణాన్ని ఎవరూ నేరుగా చూడలేరు కదా, మరి ఆ తొలి స్థితిని కంప్యూటర్లో ఎలా తయారు చేస్తారు? అంతా ఊహేనా?

జవాబు: ఊహే, కానీ ప్రయోగం ముందు నిలబడాల్సిన ఊహ. ఎక్కువమంది మొదలుపెట్టేది గ్లాబర్ మోడల్‌తో. సీసం-208లో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు ఉంటాయి. కంప్యూటర్ వాటిని ఒక గోళంలో, మధ్యలో ఒత్తుగా, అంచుల్లో పలచగా ఉండేలా యాదృచ్ఛికంగా చల్లుతుంది. అలాంటి రెండింటిని కాస్త పక్కకు జరిపి ఢీకొట్టించి, ఏ కణం దేనికి తగిలిందో లెక్కపెడుతుంది. ఇలా లక్షలసార్లు!

పక్కకు జరిగి తగిలితే రెండూ కలిసిన భాగం బాదంగింజ ఆకారంలో ఉంటుంది. ఆ ఆకారమే తర్వాత ఢీకొన్నచోట పుట్టే కణాలు ఏ దిశలో ఎక్కువగా ఎగిరిపోతాయో నిర్ణయిస్తుంది, అందుకే తొలి స్థితి మీద ఇంత పట్టుదల. నాకు బాగా నచ్చే విషయం ఇంకోటుంది. చాలాకాలం కేంద్రకాన్ని నునుపైన బంతిలా అనుకుని లెక్కలు వేశారు, అలాగైతే ఒకేలాంటి కేంద్రకాల మధ్య త్రిభుజాకార ప్రవాహం (కణాలు మూడు దిశల్లో ఎక్కువగా ఎగిరిపోవడం) సున్నా రావాలి, కానీ లోపలి కణాలు ప్రతిసారీ వేరే చోట ఉంటాయి కాబట్టి ఆకారం గతుకులుగా ఉంటుందని, ఆ ప్రవాహం అక్కడినుంచే పుడుతుందని 2010లో ఆల్వర్, రోలాండ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు చూపించారు.

గ్లాబర్ ఒక్కటే సరిపోదు. ఏ కణం తగిలిందో చెబుతుంది గానీ అక్కడ ఎంత శక్తి పోగైందో చెప్పదు. దానికి గ్లూవాన్ల (ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపలి క్వార్కులను కలిపి ఉంచే కణాల) క్షేత్రాలను లెక్కించే ఐపీ-గ్లాస్మా లాంటి మోడళ్లు వాడతారు.