బెంగళూరులో అమ్మాయి ఎక్కడ ఉండాలి?

ప్రశ్న: మాది నెల్లూరు. మా అమ్మాయి ఈ ఏడాదే బీటెక్ పూర్తి చేసింది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చేరాలి. జీతం చేతికి 28 వేలు. మా తోడల్లుడు గారి కుటుంబం యలహంకలో ఉంటుంది. ‘సొంత పిన్ని ఇల్లు ఉండగా హాస్టలేంటి’ అంటుంది మా ఆవిడ. అమ్మాయేమో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఫ్లాట్ తీసుకుంటానంటోంది. నెట్‌లో చూస్తే ఆఫీసు దగ్గరే డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ 14 వేలకే దొరికింది. ఓనరు మిలిటరీలో ఉన్నాడట, జమ్మూలో డ్యూటీ అట. పదివేలు టోకెన్ పంపితే ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపుతానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పదివేలు పంపకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

వైట్‌ఫీల్డ్‌లో 14 వేలకు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ రాదు. కాస్త మంచి అపార్ట్‌మెంట్‌లో అయితే దానికి రెట్టింపు ఇచ్చినా దొరకడం కష్టం. ఇక ‘మిలిటరీ ఓనరు’ కథ దేశమంతా తిరుగుతున్న పాత మోసం. యూనిఫాంలో ఫొటో, ఆధార్ కార్డు, ఆర్మీ క్యాంటీన్ కార్డు అన్నీ వాట్సాప్‌లో పంపుతాడు. అవి వేరెవరివో. డ్యూటీలో ఉన్నాను కాబట్టి ఇల్లు చూపించలేనంటాడు, గేట్ పాస్‌కి కొంత కట్టమంటాడు, అది వెనక్కి ఇస్తానని క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటాడు. డబ్బు మనకు రావాలంటే మనం స్కాన్ చేయాల్సిన పని గానీ, పిన్ కొట్టాల్సిన పని గానీ ఉండదు. ఇది మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. కానీ ఇల్లు చేజారిపోతుందన్న కంగారులో తెలిసినవాళ్ళు కూడా పిన్ కొట్టేస్తారు. ఇప్పటికే ఏమన్నా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

కళ్ళతో చూడని ఇంటికి రూపాయి కూడా కట్టకూడదు. పీజీకైనా (పేయింగ్ గెస్ట్ హాస్టల్) అంతే, ఫ్లాటుకైనా అంతే.

ఇప్పుడు పిన్ని గారి ఇల్లు. మీ ఆవిడ మాటలో న్యాయముంది, కాదనను. కానీ యలహంక ఊరికి ఉత్తరాన, వైట్‌ఫీల్డ్ తూర్పు చివర. మధ్యలో దాదాపు 30 కిలోమీటర్లు. యలహంకకి మెట్రో ఇంకా రాలేదు. హెబ్బాళ దగ్గర ఒకసారి, టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ఒకసారి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఒక వైపు ప్రయాణానికే గంటన్నర, వర్షం పడితే రెండు గంటలు. పొద్దున ఏడింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే పిల్ల ఇక నేర్చుకునేదెప్పుడు? మొదటి కొన్ని నెలలు ట్రైనింగ్ ఉంటుంది, మధ్యలో పరీక్షలు ఉంటాయి. వాటిలో ఫెయిలైతే ఉద్యోగానికే ఎసరు పెట్టే కంపెనీలున్నాయి. ఇంటి సంగతి ఒక కెరీర్ కౌన్సెలర్‌ని అడగడమేంటని మీకు అనిపించి ఉండొచ్చు. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో మొదటి ఏడాదిలోనే ఉద్యోగం మానేస్తానన్నవాళ్ళను కూర్చోబెట్టి అడిగితే, పని కష్టంగా ఉందన్నవాళ్ళకన్నా ప్రయాణం, తిండి, నిద్ర కుదరనివాళ్ళే ఎక్కువ కనిపిస్తారు.

ఇంకో సంగతి. చుట్టాలింట్లో నెల రోజులు అతిథిగా ఉండొచ్చు, ఏడాది ఉండలేం. రాత్రి అమెరికా వాళ్ళతో కాల్ ఉందంటే తలుపు తీయడానికి పిన్ని మేలుకుని ఉండాలి. ఆ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడుంటే వాడి గది పోతుంది. డబ్బు ఇస్తామంటే వాళ్ళు పుచ్చుకోరు, ఇవ్వకపోతే మీకు మొహమాటం. చివరికి అక్కచెల్లెళ్ళ మధ్య మాటలొస్తాయి. పిన్ని గారి ఇంటిని శని ఆదివారాలకు, జ్వరం వచ్చినప్పటికి, పండగలకు ఉంచండి. పీజీ ఫారంలో ‘లోకల్ గార్డియన్’ అని అడిగే గడిలో బాబాయి గారి నంబరు రాయించండి. అంతకు మించిన సాయం మొదట్లో అక్కర్లేదు.

ఫ్లాట్ విషయంలో అమ్మాయి సరదా అర్థమవుతుంది. కానీ లెక్క వేయండి. అద్దె 30 వేలనుకుంటే మనిషికి పదివేలు, దాని మీద మెయింటెనెన్స్, కరెంటు, గ్యాస్, నెట్, పనిమనిషి. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగేవాళ్ళు. ఇప్పుడు ఐదారు నెలలకు దిగినవాళ్ళున్నారు. అయినా లక్షన్నర పైమాటే. ఇళ్ళకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఉంది, కానీ రాష్ట్రాలు దాన్ని తమ చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. ఓనరు దగ్గర ఆ మాటెత్తితే నవ్వి, ఇల్లడిగిన వేరేవాళ్ళను పిలుస్తాడు. బ్రోకరు ద్వారా వెళ్తే ఇంకో నెల అద్దె అతనికి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసుకోవడం అక్కడ మామూలు, అగ్రిమెంట్‌లోనే రాసి ఉంటుంది.

డబ్బు సర్దుకున్నా అసలు చిక్కు వేరే ఉంది. మీ అమ్మాయీ, స్నేహితురాళ్ళూ ముగ్గురూ కొత్తగా చేరేవాళ్ళే. ట్రైనింగ్ అయ్యాక ప్రాజెక్టు ఎక్కడ పడుతుందో కంపెనీకే తెలియదు. ఒకమ్మాయిని చెన్నైకో హైదరాబాద్‌కో పంపితే ఆమె వాటా అద్దె మిగతా ఇద్దరి నెత్తిన పడుతుంది. అగ్రిమెంట్‌లో పదకొండు నెలలూ, అందులో ఆరు నెలల లాకిన్ (అప్పటిదాకా ఖాళీ చేయకూడదన్న షరతు) ఉంటే కదల్లేరు. (పదకొండు నెలలే ఎందుకంటారా, ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి.) అందుకే ప్రొబేషన్ అయి, ప్రాజెక్టు కుదిరాక ఫ్లాట్ మాట ఆలోచించమనండి. అప్పటికి ఊరు తెలుస్తుంది, ఆ ముగ్గురి మధ్య స్నేహం ఒకే ఇంట్లో నిలుస్తుందో లేదో కూడా తెలుస్తుంది.

కాబట్టి అప్పటిదాకా పీజీ. ఆఫీసుకి ఎంత దగ్గరైతే అంత మంచిది.

మారతహళ్ళి అని మీకు పదిమంది చెప్పి ఉంటారు. మనవాళ్ళు ఎక్కువ, ఆంధ్రా మెస్సులు ఎక్కువ, పీజీలు నడిపేవాళ్ళలోనూ చాలామంది మన జిల్లాల వాళ్ళే. అన్నీ నిజమే. కానీ మారతహళ్ళికి మెట్రో ఇంకా నడవట్లేదు. వైట్‌ఫీల్డ్ వైపు పర్పుల్ లైన్ మాత్రం 2023 అక్టోబర్ నుంచి పూర్తిగా నడుస్తోంది. దాని మీద కొన్ని స్టేషన్లు: కేఆర్ పురం, గరుడాచార్‌పాళ్య, హూడి, కుందలహళ్ళి, పట్టందూరు అగ్రహార, చివర కాడుగోడి. ఐటీపీఎల్ టెక్ పార్కులో ఆఫీసైతే పట్టందూరు అగ్రహార స్టేషన్‌లో దిగాలి. ఈ స్టేషన్లలో దేనికైనా నడిచి వెళ్ళే దూరంలో పీజీ దొరికితే ట్రాఫిక్‌తో మీ అమ్మాయికి పనే లేదు. మెట్రో చార్జీలు 2025 ఫిబ్రవరిలో బాగా పెంచారు గానీ నాలుగైదు స్టేషన్ల దూరానికి అంత భారం కాదు. బస్సులో ఆడవాళ్ళకు ఉచితం కదా అని అడుగుతారేమో, అక్కడి శక్తి పథకం కర్ణాటక అడ్రసు ఉన్న గుర్తింపు కార్డుంటేనే వర్తిస్తుంది. నెల్లూరు ఆధార్‌తో టికెట్ కొనాల్సిందే.

అయితే స్టేషన్ ఎంచుకునే ముందు హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టించండి. ఆఫర్ లెటర్‌లో ‘వైట్‌ఫీల్డ్’ అని ఉంటే సరిపోదు. ఐటీపీఎల్ నుంచి వర్తూరు దాకా అందరూ ఆ పేరే వాడతారు, కొన్నిసార్లు మహదేవపుర కూడా. ఏ టెక్ పార్కు, ఏ బ్లాకు, ట్రైనింగ్ కూడా అక్కడేనా, షిఫ్టు వేళలేంటి, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి, ఇవన్నీ అడగాలి. రాత్రి షిఫ్టు ఉంటే క్యాబ్ సంగతి కూడా. కర్ణాటకలో రాత్రి వేళ ఆడవాళ్ళతో పని చేయించుకునే సంస్థలు వాహనం ఏర్పాటు చేయాలన్నది షరతు, కాబట్టి అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

పీజీలో ముగ్గురుండే గది ఏడు నుంచి తొమ్మిది వేలు, ఇద్దరుండే గది పది నుంచి పదమూడు వేలు ఉండొచ్చు, భోజనంతో కలిపి. 28 వేల జీతానికి ఇద్దరుండే గది మోయగలదు. అందరూ ఫోన్లలో మాట్లాడే కాలంలో ముగ్గురుండే గదిలో నిద్ర కష్టం, అక్కడ రెండు వేలు ఆదా చేయొద్దని నా సలహా.

చూడటానికి ఎప్పుడు వెళ్తారన్నది ముఖ్యం. ఆదివారం మధ్యాహ్నం వెళ్తే ప్రతి పీజీ బాగానే ఉంటుంది, చికెన్ వండుతారు. మామూలు రోజు రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్ళండి. ఆ రోజు కూర ఏంటో చూడండి, వీలైతే డబ్బిచ్చి అక్కడే తినండి. వార్డెన్‌ని కాకుండా మెట్లు దిగే అమ్మాయిలను అడగండి, పొద్దున వేడినీళ్ళు ఎన్నింటి దాకా వస్తాయి, ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకరు సమయానికి వచ్చిందా, ఖాళీ చేసినవాళ్ళకు అడ్వాన్సు తిరిగొచ్చిందా అని. 2024 వేసవిలో బెంగళూరు నీళ్ళకు ఎంత అల్లాడిందో మీరు టీవీలో చూసే ఉంటారు. వైట్‌ఫీల్డ్ వైపు బోర్లు, ట్యాంకర్ల మీద బతికే బిల్డింగులు చాలా ఉన్నాయి. పరుపు అంచు కుట్టు దగ్గర దుప్పటి ఎత్తి చూడండి, నల్ల చుక్కలుంటే నల్లులున్నట్టే. అవి ఒకసారి సూట్‌కేస్‌లో దూరితే నెల్లూరు దాకా వస్తాయి.

గది మరీ ఇరుకనిపిస్తే ఒక కొలత చెబుతాను. 2024లో బెంగళూరు నగరపాలక సంస్థ పీజీలకు పెట్టిన నిబంధనల్లో మనిషికి 70 చదరపు అడుగుల చోటు, రోజుకి 135 లీటర్ల నీళ్ళు, సీసీ కెమెరాలు ఉండాలని ఉంది. అన్ని పీజీలూ పాటిస్తాయని కాదు. లైసెన్స్ ఉందా అని మీరు అడిగినప్పుడు వచ్చే జవాబు తీరే చాలా చెబుతుంది. ఐదారంతస్తుల బిల్డింగ్‌కి ఒకటే ఇరుకు మెట్లుండి, కిటికీ లేని గది చూపిస్తే మాత్రం అద్దె ఎంత తక్కువైనా వద్దు.

ఇక చేరేటప్పుడు మాట్లాడుకోవాల్సింది వెళ్ళిపోయేటప్పటి సంగతే. అడ్వాన్సు ఎంత, అందులో మెయింటెనెన్స్ కింద ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, పదిహేనా, ముప్పయ్యా? ఇవన్నీ రశీదు మీద రాయించుకోవాలి, కనీసం వాట్సాప్‌లో పెట్టించుకోవాలి. డబ్బు యూపీఐలోనే కట్టమనండి. ఆధార్ జిరాక్స్ ఇస్తే చాలు, ఒరిజినల్ వాళ్ళ దగ్గర పెట్టమంటే ఆ పీజీ వదిలేయండి. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం అద్దె రశీదులు దాచాలా అని మీరు అడగబోతున్నారేమో, ఈ జీతానికి కొత్త పన్ను విధానంలో పన్నే పడదు, ఆ బెంగ వద్దు.

మీరు వెంట వెళ్ళాలా? వెళ్ళండి. సోమవారం జాయినింగ్ అయితే గురువారం పొద్దునకే చేరేలా టికెట్ తీసుకోండి. కోలారు మీదుగా వెళ్ళే బస్సైతే కేఆర్ పురంలో దిగొచ్చు, మెట్రో అక్కడే. గది కుదిరేదాకా రోజు లెక్కన ఉంచుకునే పీజీలు చాలా ఉన్నాయి, మీకు మాత్రం లాడ్జి చూసుకోవాలి. గురువారం రాత్రి నాలుగైదు పీజీలు తిరగండి. శుక్రవారం పొద్దున ఆఫీసు వేళకి పీజీ నుంచి ఆఫీసు గేటు దాకా అమ్మాయిని ఒక్కదాన్నే వెళ్ళి రమ్మనండి, మీరు కింద టీ తాగుతూ కూర్చోండి. శనివారం సామాను చేర్చి, ఆదివారం పిన్ని గారింట్లో భోజనం చేయండి. సోమవారం జాయినింగ్‌లో సర్టిఫికెట్లు చూపించాక, ఒరిజినల్స్ అన్నీ మీ బ్యాగులోనే పెట్టుకుని రాత్రి బస్సుకి నెల్లూరు వచ్చేయండి. కొన్ని పీజీల్లో ఒకే తాళంచెవి రెండు మూడు అల్మారాలకు పడుతుంది.